ఆగస్టు 15 మ్యాచ్‌కి ఏ బంతి? పర్లాకిమిడి నేల మీద రబ్బరు కుట్టు బంతి

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం చుట్టుపక్కల రెండు హైస్కూళ్లకి ఫుట్‌బాల్ మ్యాచ్ పడిందంటే తగువు సగం బంతి దగ్గరే మొదలవుతుంది. ఒకరి బంతి బరువంటారు, ఇంకొకరి బంతి గెంతుతోందంటారు. టాస్ వెయ్యకముందే మాస్టార్లిద్దరూ చెరో బంతీ నొక్కి చూస్తూ నిలబడతారు. ఆ తగువుకి తావు లేకుండా ఏ బంతి కొనాలి, దాన్ని ఎలా సిద్ధం చెయ్యాలి, ఎక్కడ పాడవుతుంది అన్నదే ఈ సమీక్ష. ఇక్కడ చూస్తున్నది ఆటసామాన్ల కొట్లలో మామూలుగా దొరికే రకం: సైజు 5, 32 ముక్కలు, రబ్బరు పూత, దారపు కుట్టు. కొట్లో ‘రబ్బరైజ్డ్’ అని అడిగితే ఇస్తారు. ధర సుమారు 500 నుంచి 700 రూపాయలు.

ముందే చెప్పాల్సిన మాట: గడ్డి లేని ఎర్రగరప నేల మీద, వానాకాలంలో, నెలంతా ప్రాక్టీసు చేసి అదే రకం బంతితో మ్యాచ్ ఆడాలనుకునే బడికి ఇంతకన్నా సరైన బంతి లేదు. పచ్చటి గ్రౌండు ఉన్నవాళ్లకి, చిన్న తరగతుల పిల్లలకి మాత్రం ఇది వద్దు.

బంతి గురించి ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ సరిహద్దులో స్కూళ్ల పోటీకి ఉన్న చిక్కు వేరు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పక్కనే ఉన్న పాతపట్నం ఇటు మిగిలింది. అంతకుముందు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీ ఊళ్లే. ఇప్పుడు పర్లాకిమిడి బడి టీము గెలుస్తూ పోతే గజపతి జిల్లా, ఆ తర్వాత ఒడిశా రాష్ట్రం. పాతపట్నం టీము గెలుస్తూ పోతే శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత ఆంధ్ర రాష్ట్రం. 1960లో మొదలైన సుబ్రతో కప్‌లో (దేశమంతటి స్కూళ్ల ఫుట్‌బాల్ పోటీ) కూడా స్కూళ్లు రాష్ట్రాల వారీగానే గెలుచుకుంటూ జాతీయ స్థాయికి వెళ్లాలి. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా మాట్లాడుకునే పిల్లలు, వాళ్ల మేనమామల పిల్లలే అవతలి గట్టున ఆడుతుంటే, అధికారిక టోర్నమెంటులో వాళ్లు ఒకరికొకరు ఎదురుపడాలంటే దేశం స్థాయి దాకా నెగ్గుకు రావాలి. కాబట్టి అసలు లెక్క తేలేది ఆగస్టు 15కో, జనవరి 26కో, పండగ సెలవుల్లోనో పెట్టుకునే స్నేహపు మ్యాచ్‌లోనే. దానికి పైన ఏ సంఘమూ ఉండదు, బంతి ఎవరూ పంపరు. ఎవరి బంతి వాళ్లు తెచ్చుకోవడమే.

బంతి మీద తగువు చిన్నపిల్లల చేష్ట అనుకోకూడదు. 1930లో మోంటెవిడియోలో జరిగిన మొట్టమొదటి ప్రపంచకప్ ఫైనల్లో ఉరుగ్వే, అర్జెంటీనా ఎవరి బంతితో ఆడాలో తేల్చుకోలేక చెరో సగం చెరో బంతితో ఆడాయి. అర్జెంటీనా బంతితో ఆడిన మొదటి సగంలో అర్జెంటీనా 2-1తో ముందుంది. ఉరుగ్వే బంతితో ఆడిన రెండో సగం ముగిసేసరికి ఉరుగ్వే 4-2తో కప్పు ఎత్తుకుపోయింది. బంతి ఒక్కటే గెలిపించిందని ఎవరూ అనలేరు. కానీ అలవాటైన బంతి కాలికి ఎంత బలమిస్తుందో ఆటగాళ్లకి తెలుసు. పాతకాలపు తోలు బంతికి బ్లాడరు (లోపలి గాలి సంచి) దూర్చే చోట పైన లేసు ముడి ఉండేది. ఆ ముడి నుదుటికి తగిలితే చర్మం లేచిపోయేది. వాన పడితే తోలు నీళ్లు తాగి బంతి రాయయ్యేది. నలుపు తెలుపు 32 ముక్కల బంతి ప్రపంచకప్‌కి వచ్చింది 1970లో, పూర్తిగా సింథటిక్ బంతి వచ్చింది 1986లో. మన కొట్లో దొరికే రబ్బరైజ్డ్ బంతి కూడా ఆ 32 ముక్కల కుటుంబమే: 12 అయిదు మూలల ముక్కలు, 20 ఆరు మూలల ముక్కలు.

ఇక బంతి సంగతి. కొనేటప్పుడు జరిగే మొదటి పొరపాటు, కుట్టు బంతి అనుకుని అచ్చు బంతి తీసుకోవడం. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అచ్చు బంతిలో కుట్టే ఉండదు. బ్లాడరు మీద రబ్బరు తొడిగి వేడి అచ్చులో పెట్టి ముక్కల గీతలు ముద్రిస్తారు. అది తక్కువ ధరకి వస్తుంది, కాలికి చుర్రుమంటుంది, కొన్నాళ్లకి ఒక పక్క బొడిపె కడుతుంది. ఆ బొడిపెకి మరమ్మతు లేదు. తేడా కనిపెట్టడం తేలిక: రెండు ముక్కల మధ్య గీతలో గోరు పెట్టి విడదీసినట్టు నొక్కండి. కుట్టు బంతి అయితే లోపల దారం కనిపిస్తుంది, అచ్చు బంతి అయితే గాడి అడుగున నున్నటి రబ్బరే ఉంటుంది. కుట్టు బంతిలో రబ్బరు పూత కింద బట్ట పొరలు అంటించి ఉంటాయి, వాటి లోపల విడిగా బ్లాడరు. ఈ బట్ట పొరలే బంతి గుండ్రదనాన్ని పట్టి ఉంచేవి.

కొట్లో నిలబడే చెయ్యదగిన పరీక్షలు మూడు. గాలి నింపించి, కిరాణా కాటా మీద తూయించండి. ఆట నియమం ప్రకారం సైజు 5 బంతి 410 నుంచి 450 గ్రాములుండాలి. దర్జీ టేపుతో చుట్టుకొలత తియ్యండి, 68 నుంచి 70 సెంటీమీటర్లు రావాలి. ఒక్క చోట తీసి ఊరుకోవద్దు. వాల్వు మీదుగా ఒకసారి, వాల్వుకి అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి తియ్యండి. మూడింటికీ మధ్య సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ బంతి పక్కన పెట్టెయ్యండి. చివరిది, బల్ల మీద బొంగరంలా తిప్పి పక్క నుంచి చూడండి. అంచు పైకీ కిందకీ ఊగుతుంటే కుట్టు ఒక పక్క బిగువు, ఒక పక్క వదులు. అలాంటి బంతి గాల్లో వంకర పోతుంది, తప్పు మాత్రం ఫ్రీకిక్ కొట్టిన కుర్రాడి మీద పడుతుంది.

బ్లాడరు బ్యుటైల్‌దా, లేటెక్స్‌దా అని అడగండి, రెండూ రబ్బరు రకాలే. బ్యుటైల్ అయితే వారాల తరబడి గాలి నిలుస్తుంది. లేటెక్స్ మెత్తగా, చురుగ్గా ఉంటుంది కానీ రెండు మూడు రోజులకే గాలి దిగిపోతుంది. ప్రతి సాయంత్రం పంపు పట్టుకుని కూర్చునే మనిషి లేని బడికి బ్యుటైలే నయం.

ఈ బంతులు ఎక్కువగా పాడయ్యేది ఆటలో కాదు, గాలి కొట్టే దగ్గర. పంపు చివర ఉండే పిన్నుని పొడిగా వాల్వులోకి గట్టిగా తోస్తే వాల్వు లోపలి రబ్బరు బిరడా లోపలికి జారిపోతుంది. వంకరగా తోస్తే పిన్ను విరిగి లోపలే ఉండిపోతుంది. బంతి పూర్తిగా చప్పబడి ఉన్నప్పుడు పిన్ను చివరి దాకా దించితే అవతలి వైపు బ్లాడరు గోడకే తగులుతుంది. అందుకని చప్పబడ్డ బంతిని రెండు వైపులా చేత్తో పట్టి కాస్త లాగి, లోపల ఖాళీ చేసి, పిన్నుని గ్లిజరిన్‌లో ముంచి నిటారుగా, నెమ్మదిగా తిప్పుతూ దించాలి. గ్లిజరిన్ మందుల కొట్లో చిన్న సీసా దొరుకుతుంది, ఏడాది వస్తుంది. కొబ్బరినూనె, వంటనూనె మాత్రం వాడకండి, నూనె తగిలిన రబ్బరు ఉబ్బి జిగురెక్కుతుంది. గ్లిజరిన్ లేకపోతే మంచినీళ్లు చాలు.

కొత్త బంతికి ఒకేసారి నిండా గాలి కొట్టకూడదు. మొదటి రోజు సగం గాలి కొట్టి రాత్రంతా వదిలెయ్యండి. బ్లాడరు ముడతలు విప్పుకుని ముక్కల వెనక సర్దుకుంటుంది. మర్నాడు పూర్తి గాలి. ఈ ఒక్క రాత్రి ఓపిక పట్టనందువల్లే కొత్త బంతులు కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతాయి.

పంపు విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. బంతి నియమిత ఒత్తిడి 8.5 నుంచి 15.6 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత, గేజు మీద ఉంటుంది). సైకిల్ పంపుతో అయితే చేతికి తెలుస్తుంది. పంక్చర్ కొట్లో కంప్రెసర్ టైర్లకి పెట్టి ఉంటుంది, అంటే 30 పీఎస్ఐ పైమాటే. ఒక్క క్షణం ఎక్కువ పట్టినా దారం తెగదు కానీ కుట్టు రంధ్రాలు సాగిపోతాయి. అవి మళ్లీ మూసుకోవు. వాన నీళ్లు లోపలికి వెళ్లే దారి అదే. గేజు ఉన్న చిన్న చేతి పంపు ఒకటి కొనడం బంతి కొనడంతో సమానమైన అవసరం. గేజు లేకుండా బొటనవేలితో నొక్కి చెప్పే ఒత్తిడి మనిషి మనిషికీ మారుతుంది, తగువు మళ్లీ మొదటికొస్తుంది.

మన నేలకి ఎంత గాలి? గట్టి ఎర్రనేల మీద 9 పీఎస్ఐ దగ్గర ఈ బంతి అదుపులో ఉంటుంది. 12 దాటిస్తే ప్రతి పాసూ మోకాలి ఎత్తున గెంతుతుంది, నేల మీద ఆడుకునే టీము చేతులెత్తేస్తుంది. రబ్బరు పూతకి సహజంగానే గెంతు ఎక్కువ. వాన పడి నేల బురదగా ఉంటే 10.5 నుంచి 11 దాకా పెంచవచ్చు, బురద గెంతుని తినేస్తుంది. ఎండ లెక్క కూడా చూసుకోవాలి. పొద్దున్నే 25 డిగ్రీల దగ్గర 10 పీఎస్ఐ పెట్టిన బంతిని మధ్యాహ్నం గట్టు మీద ఎండలో వదిలేస్తే, లోపలి గాలి 45 డిగ్రీలకి చేరేసరికి గేజు దాదాపు 11.7 చూపిస్తుంది. ‘హాఫ్ టైములో ఎవరో గాలి కొట్టారు’ అన్న నింద చాలాసార్లు ఇలాగే పుడుతుంది. బంతులు నీడలో ఉంచండి, మ్యాచ్‌కి పది నిమిషాల ముందు గ్రౌండు పక్కనే గేజు పెట్టండి.

ఆటలో ఈ బంతి తీరు ఇలా ఉంటుంది. దూరం కొట్టడానికి మంచిది, గోల్ కిక్కు తేలిగ్గా సగం గీత దాటుతుంది. పై పూత గరుకు కాబట్టి తడి చేతులకి కూడా గోల్‌కీపరు పట్టు దొరుకుతుంది. వానాకాలపు మ్యాచ్‌లో ఇది పెద్ద గుణం. లోపం ఛాతీ మీదా, నుదుటి మీదా తెలుస్తుంది. పీయూ (పాలీయురేథేన్ అనే మెత్తటి ప్లాస్టిక్) పూత కింద నురుగు పొర ఉన్న బంతితో పోలిస్తే ఇది గట్టిగా తగులుతుంది, వస్తున్న బంతిని కాలితో ఆపినప్పుడు కాలి నుంచి అడుగు దూరం జారుతుంది. ఒట్టి కాళ్లతో ప్రాక్టీసు చేసే పిల్లలకి పాదం పైభాగం కందుతుంది. కలకత్తా క్లబ్బు మోహన్ బగాన్ 1911లో ఒక్కరు తప్ప అందరూ ఒట్టి కాళ్లతో ఆడి ఐఎఫ్ఏ షీల్డు టోర్నమెంటు గెలిచిన మాట నిజమే, అయినా ఇప్పటి నియమం బూట్లు తప్పనిసరి అంటుంది. ఈ బంతికి బూట్లే మేలు. గట్టి నేలకి పొట్టి రబ్బరు స్టడ్లవే (అడుగున ఉండే బొడిపెలు) తీసుకోండి. పొడుగు స్టడ్లు గరపనేలలో దిగవు, చీలమండ మెలిపడుతుంది.

ఖరీదైన అతుకు బంతి, అంటే కుట్టు లేకుండా వేడితో ముక్కలు అంటించినది, ఈ నేల మీద కొనవద్దనడానికి కారణం ఉంది. అది నీళ్లు తాగదు, గుండ్రంగా ఉంటుంది, గడ్డి మీద దానికి సాటి లేదు. కానీ గులకరాయి కోసిన చోట అంచు లేస్తే కుట్టడానికి దారం పట్టదు, జిగురు నిలవదు. కుట్టు బంతి అలా కాదు, ముక్క బాగున్నంత కాలం మళ్లీ మళ్లీ కుట్టించుకోవచ్చు. రెండువేలు పెట్టి అతుకు బంతి ఒక్కటి మ్యాచ్ రోజుకని దాచి, నెలంతా అచ్చు బంతితో ప్రాక్టీసు చేయించే బళ్లున్నాయి. ఆ పిల్లలు మ్యాచ్ మొదటి పావుగంటంతా కొత్త బంతి నేర్చుకోవడంలోనే పోగొట్టుకుంటారు. అదే డబ్బుకి మూడు రబ్బరు కుట్టు బంతులు వస్తాయి. రెండు ప్రాక్టీసుకి, ఒకటి మ్యాచ్‌కి. మ్యాచ్ బంతిని కూడా ముందు నాలుగైదు సాయంత్రాలు ఆడించి పూత కాస్త మెత్తబరిచి ఉంచండి.

వాన విషయంలో అంచనా ఉండాలి. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సంస్థ ఇచ్చే ఫీఫా క్వాలిటీ ప్రో అనే నాణ్యత గుర్తు రావాలంటే బంతి నీళ్లలో 250 సార్లు నొక్కినా సగటున పది శాతం మించి బరువు పెరగకూడదు. మన రబ్బరైజ్డ్ బంతికి ఆ గుర్తు ఉండదు. పూత నీళ్లు పీల్చదు, కానీ కుట్టు రంధ్రాల గుండా లోపలి బట్ట పీలుస్తుంది. 430 గ్రాముల బంతి ఇరవై శాతం పీల్చిందంటే 516 గ్రాములు, నియమం దాటిపోయినట్టే. తలతో కొట్టే పిల్లాడికి ఆ తేడా మెడ దాకా తెలుస్తుంది. అందుకే జోరువానలో హాఫ్ టైముకి బంతి మార్చాలి, అదే రకం, అదే గాలి పెట్టిన రెండో బంతితో. మైనం పూసి కుట్టిన దారం అయితే నీళ్లు పట్టడం తగ్గుతుంది. కొట్లో గోరు పెట్టి చూసినప్పుడు దారం జిగురుగా, మెరుస్తూ ఉంటే అది మైనం దారం.

తడిసిన బంతిని మంచినీళ్లతో కడిగి, పాత పంచె ముక్కతో తుడిచి, గాలి మూడో వంతు తీసి, నీడలో గాలి ఆడే చోట వేలాడే వలలో పెట్టండి. పొయ్యి పక్కన గానీ, మేడ మీద ఎండలో గానీ ఆరబెడితే పూత పగుళ్లు తీస్తుంది, బట్ట పొరల జిగురు వదులుతుంది.

కుట్టు విడిపోయినప్పుడు చెప్పులు కుట్టేవారి దగ్గరికి పంపవచ్చు, అయితే పని ఎలా చెయ్యాలో చెప్పి పంపాలి. ముందు గాలి మొత్తం తియ్యాలి, లేకపోతే ఆర (తోలు పొడిచే పనిముట్టు) మొనకి బ్లాడరు పోతుంది. విడిపోయిన చోట వేలు దూర్చి బ్లాడరుని లోపలికి నొక్కి, ఆ సందులో పలచని ప్లాస్టిక్ గరిటె లాంటిది అడ్డం పెట్టాలి. పాత రంధ్రాల్లోంచే కుట్టాలి, కొత్తవి పొడవకూడదు. ఒకే దారానికి రెండు చివర్లా రెండు సూదులు, రెండు వైపుల నుంచీ ఒకే రంధ్రంలోకి ఎదురెదురుగా. విడిపోయిన చోటికి ఇటు అయిదు, అటు అయిదు కుట్లు పాత కుట్టు మీదుగా వెళ్లాలి. లేకపోతే ఆ పక్కది మర్నాడే లేస్తుంది. నైలాన్ చేపల వల దారం వాడవద్దు, అది జారి ముడి విడుతుంది, రంధ్రాన్ని కోస్తుంది కూడా. మైనం పట్టించిన పాలియెస్టర్ దారమే సరి.

మ్యాచ్ రోజు ఏర్పాటు చెప్పాలి. ఒకే కంపెనీ, ఒకే రకం బంతులు మూడు. ఖర్చు రెండు బళ్లూ చెరి సగం. ఇద్దరు కెప్టెన్ల ముందు తూచి, గేజు పెట్టి, వాల్వు పక్కన ఇద్దరి చేతా పెన్నుతో గుర్తు పెట్టించి రెఫరీకి ఒప్పజెప్పాలి. అక్కణ్నుంచి బంతి రెఫరీ సొత్తు. ఆయన మాట లేకుండా మార్చే హక్కు ఎవరికీ లేదు. ఆటలో బంతి పగిలితే ఆట ఆపి, డ్రాప్ బాల్‌తో, అంటే రెఫరీ చేత్తో నేల మీదికి వదిలే బంతితో, మళ్లీ మొదలుపెట్టాలి. పెనాల్టీ కొట్టిన బంతి ముందుకు వెళ్తూ, ఎవరికీ తగలకుండా, స్తంభానికీ అడ్డకర్రకీ తగలకుండా పగిలితే ఆ పెనాల్టీ మళ్లీ కొట్టించాలి. ఈ రెండు నియమాలూ మ్యాచ్‌కి ముందే రెండు టీములకీ చదివి వినిపించండి.

పన్నెండేళ్ల లోపు పిల్లలకి ఈ సైజు 5 ఇవ్వకండి, సైజు 4 ఇవ్వండి. గడ్డి గ్రౌండు ఉన్న బడి పీయూ చేతికుట్టు బంతికి వెళ్లడం మంచిది, ఇంకో అయిదారు వందలు ఎక్కువైనా ఆట మెత్తబడుతుంది. మిగతా అందరికీ రబ్బరు కుట్టు బంతే. రోజూ రెండు గంటలు గరపనేల మీద ఆడితే పూత ముందుగా అరిగేది ముక్కల మధ్యన కాదు, కుట్టు పక్కన ఎత్తుగా ఉండే అంచుల దగ్గర. అక్కడ రంగు పోయి తెల్లటి బట్ట పోగులు కనిపించడం మొదలైతే ఆ బంతిని వానలో దింపడం మానెయ్యండి. రెండు మూడు ముక్కల మీద బట్ట బయటపడితే దాన్ని గోల్‌కీపర్ల చేతి ప్రాక్టీసుకి ఇచ్చేసి, కొత్తది సగం గాలి కొట్టి రాత్రికి పక్కన పెట్టండి.